కోత కొట్టంలో స్వయంగా చూసినది

మొయినాబాద్ నుంచి చేవెళ్ల పోయే బాటలో, వాగు దాటి రెండు పొలాలు నడిస్తే ఎడమ పక్కన కోత కొట్టం ఉండేది. పొద్దు గూకినాక ఆ కాస్త దూరం ఎవరూ నడిచేవారు కాదు — పరుగెత్తేవారు.

ఒకప్పుడు అక్కడ దుంగలు కోసేవారు. నేలలో మనిషి లోతు గొయ్యి, గొయ్యి మీద అడ్డంగా దుంగ, పైన ఒకడు, కింద ఒకడు, ఇద్దరి మధ్య నిలువు రంపం. ఒక వానాకాలం దుంగ జారి కిందివాడి మీద పడింది. పైవాడు రంపం కొస వదిలేసి ఊరే విడిచిపోయాడు. ఇక అక్కడ పని చేయడానికి ఎవరూ రాలేదు. ఈ సంగతి జరిగేనాటికి ఇరవై ఏళ్లుగా ఆ దుంగలు అక్కడే పడి కుళ్లుతున్నాయి.

అప్పటి నుంచి... చీకటి రాత్రి ఆ దారిన పోతే లోపల పచ్చటి వెలుగు కనబడుతుందని చెప్పుకునేవారు. గర్ర్... గర్ర్... అని రంపం చప్పుడు వినబడుతుందట. గొయ్యిలో నుంచి ఒక గొంతు, చాలా మెల్లగా — "అన్నా... జర పై కొస పట్టు" — అని అడుగుతుందట.

ఈ దెయ్యాన్ని చూడనివాడు ఆ చుట్టుపక్కల లేడు. అజీజ్‌నగర్ మొదలుకొని శంకర్‌పల్లి దాకా ఎవరినడిగినా చూశామనే చెప్పేవారు. ఎప్పుడు చూశావని గట్టిగా అడిగితే మాత్రం, నేను కాదు, మా బావమరిది అనేవారు. బావమరిదిని పట్టుకుంటే వాడు మేనమామ పేరు చెప్పేవాడు. మేనమామ పోయినేడే చచ్చిపోయి ఉండేవాడు. కల్లు దుకాణం నుంచి తిరిగొచ్చేవాళ్లకు మాత్రమే అది స్వయంగా కనబడేది, అదీ ఒకటి కాదు, రెండు.

నాకు ఈ సంగతి చెప్పినవాడు చేవెళ్ల మిషన్ బడిలో పంతులుగా చేసిన సాలోమోను. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. నేను ఏమీ కలపలేదు. కలిపినవాడు వేరే ఉన్నాడు.

ఆయన పేరు ముకుందం. మొయినాబాద్‌లో కిరాణా దుకాణం ఉన్న కోమటి ఇంటివాడు. అన్న పరమేశ్వర్ దుకాణంలో కూర్చుంటే, తమ్ముడికి నాలుగు అక్షరాలు ఎక్కువ వచ్చినందుకు అరుగు మీద పిల్లలకు బడి పెట్టుకున్నాడు. అబద్ధమాడిన పిల్లవాడిని గోడకుర్చీ వేయించి, వాడి కాళ్లు వణికేదాకా సత్యం గొప్పతనం చెప్పేవాడు. కాళ్లు వణకడం మొదలైనాక కూడా ఇంకొంచెం చెప్పేవాడు.

ఊళ్లో ఆయనను పిలిచే పేరు వేరు — పురుగుల పంతులు.

ప్రతి ఆదివారం సాలోమోను ప్రార్థన ముగించుకుని చేవెళ్ల నుంచి, ముకుందం స్నానం ముగించుకుని మొయినాబాద్ నుంచి బయలుదేరేవారు. నడిదారిలో కలుసుకుని గట్లూ పొదలూ పట్టుకు తిరిగేవారు. ఆరుద్ర పురుగు, కుమ్మరి పురుగు, గొల్లభామ, మోదుగు మొద్దు మీద చెవిలాగా మొలిచిన, ఊళ్లో కొక్కు అనే పుట్టగొడుగు, పేడ మీద పొద్దున లేచి మధ్యాహ్నానికి నల్లగా కారిపోయే గొడుగు — ఏది కనబడినా వదిలేవారు కాదు. సాలోమోను బొమ్మ గీసేవాడు. ముకుందం తోలు అట్ట పుస్తకంలో రాసేవాడు. తేదీ ఒక గడిలో, చోటు ఒక గడిలో, జీవి ఒక గడిలో. నాలుగో గడిలో రెండింటిలో ఒకటే రాయాలి — "స్వయంగా చూసినది", లేదా "విన్నది". ఆ గడి సాలోమోను పెట్టించినది. ఊరు ఊరంతా మేనమామల కండ్లతో చూస్తున్నప్పుడు మనమైనా మన కండ్లతో చూద్దామని ఆయన పట్టు.

అవి యుద్ధం రోజులు. బియ్యానికి వరుస, గుడ్డకు వరుస, దీపం పెట్టే గ్యాసునూనెకు చీటీ. ఒకనాడు పరమేశ్వర్, వచ్చిన నలుగురి ముందర, "తమ్మీ, జనం గింజల కోసం కొట్టుకుంటున్నరు. నువ్వేమో బూజుకు పేర్లు వెడుతున్నవ్" అన్నాడు. ముకుందం జవాబు చెప్పలేదు. సత్యాన్వేషకులు జవాబు చెప్పరని ఆయన నమ్మకం.

ఐదేళ్లలో పుస్తకం నాలుగు వందల పదకొండు జీవులకు చేరింది. ఆ ఏడు ఆరుద్ర కార్తెలో నాలుగు వందల పన్నెండోది ఎక్కింది.

"రాత్రివేళ పచ్చగా వెలిగే కొక్కు. కోత కొట్టం. కుళ్లిన దుంగల మీద. స్వయంగా చూసినది."

ఆయన చూడలేదు.

కుళ్లిన కట్టె మీద మొలిచే ఒక జాతి కొక్కు చీకట్లో వెలుగుతుందని ఏదో పత్రికలో చదివాడు. కోత కొట్టంలో కుళ్లిన కట్టె ఉన్నది. జనం పచ్చటి వెలుగు అంటున్నారు. ఇంకేం, తేలిపోయింది. ఆలోచన సరైనదే, తప్పు పట్టడానికి లేదు. ఒక్కటే చిక్కు, చూడాలంటే రాత్రి పోవాలి. అబద్ధాలాడే పిల్లలకు భయపడని మనిషి కూడా రాత్రిపూట వాగు దాటడానికి కొంచెం ఆలోచిస్తాడు. ఆలోచిస్తూ ఆలోచిస్తూ కలం తీసుకుని నాలుగో గడి నింపేశాడు. ఎవరు పోయి చూసొస్తారు?

సాలోమోను ఆ పట్టీ అంతా తిరగరాసి, పట్నంలో ఒక కాలేజీ ప్రొఫెసరుకు పంపాడు. ముకుందానికి చెప్పకుండా పంపాడు. స్నేహితుడు సంతోషపడతాడనుకున్నాడు.

ఒక గురువారం ఉత్తరం తీసుకుని సాలోమోను చేవెళ్ల నుంచి దారంతా పరుగెత్తినవాడిలా ఆయాసపడుతూ వచ్చాడు. ఇంగ్లీషు ఉత్తరం. తానే చదివి చెప్పాడు. వెలిగే కొక్కును ఈ తావుల్లో కండ్లారా చూసినవాళ్లు తనకు ఇంతవరకు దొరకలేదట. ఆదివారం మధ్యాహ్నం బస్సుకు వస్తాడట. రాత్రి చూపిస్తే, పట్టీ మొత్తం ఇద్దరి పేర్లతో కాలేజీ పత్రికలో అచ్చు వేయిస్తాడట. చూపించలేకపోతే మాత్రం, ఒకటి అబద్ధమైన పుస్తకంలో మిగతా నాలుగు వందల పదకొండును ఎట్లా నమ్మమంటారు అని మర్యాదగానే అడిగాడు.

చదవడం అయినాక సాలోమోను తలెత్తాడు. "నువ్వు చూసినవ్ గదా?"

"చూసిన" అన్నాడు ముకుందం. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే సులువుగా ఉన్నది.

ఇక మిగిలింది ఒక్కటే దారి. ఆదివారం లోపల పోయి నిజంగా చూడాలి. చూస్తే రాసింది నిజమైపోతుంది. తేదీ ఒక్కటే కొంచెం ముందుగా పడినట్టు. ఇంత చిన్న తేడాను దేవుడు పట్టించుకోడని ఆయన తనకు తాను సర్ది చెప్పుకున్నాడు. ఇదే మాట బడిలో ఏ పిల్లవాడైనా చెప్పి ఉంటే గోడకుర్చీ తప్పేది కాదు.

శుక్రవారం రాత్రి లాంతరు అందుకున్నాడు. భార్య కృష్ణవేణి అడ్డం వచ్చింది. "సీసల నాలుగు చుక్కలున్నయి. రేపు దీపం ఎట్ల పెట్టాలె? ఆ కొక్కులే వెలుగుతయంటిరి గదా, ఆ వెలుగుల పోయి రాండ్రి" అని లాంతరు లాక్కున్నది.

అసలు చీకట్లోనే చూడాలి, దీపం ఉంటే కనబడదు అని పెద్దగా చెబుతూ ముకుందం గడప దాటాడు. గడప దాటినాక గొంతు చిన్నదైంది. వాకిలి దాటినాక అసలు లేదు.

అమావాస్య ఇంకా రెండు రోజులున్నది. వాన వెలిసింది. బాట బురద. వాగులో నీళ్లు మోకాలి దాకా. ధైర్యానికి ఆయన దేవుడి పేరు తలుచుకోలేదు, చదువుకున్నవాడు గదా, పురుగుల పేర్లు తలుచుకున్నాడు. ఆ కూసేది కీచురాయి. ఆ మెరిసేది మిణుగురు. కాలికి తగిలింది... కాలికి తగిలినదాని పేరు గుర్తు రాలేదు. నడక పెంచాడు.

కొట్టం వచ్చింది. పైకప్పు సగం కూలింది. గోడ పక్కన తడిసిన రంపపుపొట్టు వాసన... ఇరవై ఏళ్ల తర్వాత కూడా.

అడుగు లోపల పెట్టాడు.

గర్ర్... గర్ర్... గర్ర్...

ఆగిపోయాడు. తొలుచు పురుగు, అనుకున్నాడు. దుంగ లోపల పిల్లపురుగు కట్టె నమిలే చప్పుడు. పుస్తకంలో నూటనలభయ్యోది. స్వయంగా విన్నదే. పగటిపూట. పగటిపూట చప్పుడు ఇంత పెద్దగా లేదు...

కండ్లు చీకటికి అలవాటు పడ్డాయి. అప్పుడు కనబడింది.

గొయ్యి అంచున పడి ఉన్న దుంగల మీద, బెరడు ఊడిన చోటల్లా, చల్లటి పచ్చటి వెలుగు. మంట కాదు. పొగ లేదు. వేలు పెడితే వేలి గోరు కనబడేటంత. ముకుందం దగ్గరికి పోయి కూర్చున్నాడు. చేయి వేశాడు. చల్లగా, తడిగా, మెత్తగా ఉన్నది. నవ్వొచ్చింది. ఇన్నేళ్లు ఇంతమంది మేనమామలను చంపిన దెయ్యం ఇదా! జేబులో నుంచి కాగితం, పెన్సిలు తీశాడు. ఆ వెలుగులోనే రాయడం మొదలుపెట్టాడు.

రెండు మాటలు రాశాడో లేదో — గొయ్యికి అవతల ఒక వెలుగు లేచి నిలబడింది.

ముకుందం పెన్సిలు ఆగింది.

ఆ వెలుగు మనిషి రొమ్ము ఎత్తున ఉన్నది. పైన తల లేదు. కింద కాళ్లు లేవు. గాలిలో మెల్లగా ఊగింది... వంగింది... మళ్లీ లేచింది. ఒక అడుగు ఇటు వచ్చింది. ఇంకొక అడుగు. దాని వెనకాల టక్... టక్... అని కట్టె నేల మీద పడే చప్పుడు.

పుస్తకంలో ఉన్న నాలుగు వందల పన్నెండింటిలో ఇట్లా నడిచేది ఏదీ లేదు.

లేవబోయాడు. కాళ్లు వినలేదు. బడిలో పిల్లల కాళ్లు ఎట్లా వణికేవో ఆయనకు మొదటిసారి తెలిసివచ్చింది. వెలుగు పది అడుగుల దూరంలో ఆగింది. చీకట్లో నుంచి ఒక గొంతు, ఊపిరి కంటే కొంచెం పెద్దగా —

"ఎవరది...? మనిషా?"

ముకుందం నోరు తెరిచాడు. మూశాడు.

"మాట్లాడు. దెయ్యమైతే ఫికర్ లేదు, ఉండు. మనిషైతే చెప్పు."

"మ... మనిషిని" అన్నాడు పురుగుల పంతులు.

"అయ్యో, మనిషే" అన్నది ఆ గొంతు నిరాశగా. "ఓ ముసలోడా, మన కొంప మునిగింది. ఎవరో మనిషొచ్చిండు."

అది గోపమ్మ. వాన పడ్డ మర్నాడల్లా గంపలో పుట్టకొక్కులు తెచ్చి మొయినాబాద్‌లో అమ్మే గోపమ్మ. వెనకాల కట్టె పట్టుకుని వస్తున్నది ఆమె మొగుడు ఎల్లేశ్. ముకుందం ఇంట్లో ఏటా ఆమె కొక్కులే వండుకుంటారు. ఎక్కడ దొరుకుతాయని కృష్ణవేణి ఎన్నోసార్లు అడిగింది. కొక్కుల చోటు కొక్కులు ఏరేవాళ్లు కన్న కూతురికి కూడా చెప్పరు. చిల్కూరు దిక్కు అని ఒకసారి, శంకర్‌పల్లి దిక్కు అని ఒకసారి చెప్పేది.

ఊపిరి తిరిగినాక ముకుందం చూశాడు. గోపమ్మ రొమ్ము మీద ఒకటి, వీపు మీద ఒకటి, కొంగులో మూటగట్టి, వెలిగే చెక్క ముక్కలు. ఎల్లేశ్ కండ్లకు పొర కమ్మింది. దారి కనబడదు గాని చీకట్లో వెలుగు జాడ తెలుస్తుంది. ముందు ఆమె నడిస్తే వీపు మీది పచ్చటి మచ్చను చూసుకుంటూ వెనక ఆయన నడుస్తాడు. లాంతరు పట్టడానికి నూనె లేదు. ఉన్నా పట్టరు. లాంతరును చూసి జనం వస్తారు. దీన్ని చూసి జనం పోతారు.

కొట్టం వెనకాల రంపపుపొట్టు కుప్పల మీద చెదల పుట్టలు లేచాయి. ఉరిమి వాన పడితే చాలు, వాటి మీద కొక్కులు తెల్లగా పొడుచుకొస్తాయి. గొడుగు విచ్చుకోకముందే, తెల్లారకముందే ఏరాలి. విచ్చుకున్నదానికి పురుగు పడుతుంది, ఎవరూ కొనరు.

ముకుందం ధైర్యం పూర్తిగా తిరిగి వచ్చింది. ధైర్యంతో పాటు పంతులుతనమూ వచ్చింది. మూఢనమ్మకాన్ని అడ్డం పెట్టుకుని ఊరిని భయపెట్టడం తప్పు గదా అని మందలించాడు. ఆదివారం పట్నం నుంచి పెద్ద సారు వస్తున్నాడని, ఇది దెయ్యం కాదు కొక్కు అని అందరికీ తెలిసిపోతుందని చెప్పాడు.

గోపమ్మ గంప కింద పెట్టింది.

"తెలిసిపోతే సోమవారం పొద్దుగాల ఊరంత గంపలు పట్టుకుని ఈడ ఉంటది పంతులూ. నాట్లు పడేదాక కూలి లేదు. దుకాణంల గింజలు లేవు, మీ అన్ననే అడుగు. ఈ నెలన్నర మేం బతికేది వీటి మీదనే. ఈ జాగకు కంచె లేదు. గా దెయ్యమే మాకు కంచె."

"నేను ఆ సారుకు చూపించాలె గోపమ్మా. రాసిన."

అంతదాకా మాట్లాడని ఎల్లేశ్ కట్టె మీద గడ్డం ఆనించి మెల్లగా అడిగాడు. "ఎప్పుడు చూసినవని రాసినవ్?"

ముకుందం చేతిలోని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నీ ఇంటామె గోపమ్మతోటి చెప్పిందట... మా ఆయన ఆరుద్రలనే పోయి చూసొచ్చిండు, భయమే లేదు అని. ఆరుద్ర మొదలుకొని మేం రోజు రాత్రి ఈడనే ఉన్నం. కండ్లు లేవు గాని చెవులున్నయి. నిన్ను ఈ రాత్రే విన్న."

పచ్చటి వెలుగులో ఎవరి మొహమూ కనబడదు. అది ముకుందం అదృష్టం.

అప్పుడు మళ్లీ మొదలైంది — గర్ర్... గర్ర్... గొయ్యిలో నుంచి. ముకుందం మాట మార్చడానికి దొరికింది గదా అని, అది తొలుచు పురుగు, కట్టె నములుతుంది అని చెప్పాడు.

"కావచ్చు" అన్నాడు ఎల్లేశ్. కొంచెం సేపు విన్నాడు. "నన్ను ఒకసారి కొస పట్టుమన్నడు. పట్టిన. పాపం, ఒక్కడే ఎంతసేపని కోస్తడు."

గోపమ్మ నవ్వలేదు. ఎల్లేశ్ కూడా నవ్వలేదు. చప్పుడు ఆగింది...

ఈ సంగతంతా చాలా రోజుల తర్వాత సాలోమోనుకు చెప్పిన ముకుందం, ఆ రాత్రి ఎట్లా ఇల్లు చేరాడో మాత్రం ఆయనకు కూడా చెప్పలేదు. శనివారమంతా పడుకుని ఆలోచించాడు. ఆదివారం రాత్రి ప్రొఫెసరును తీసుకుపోతే చాలు. వెలుగు ఉన్నది. పేరు అచ్చవుతుంది. తాను ముందే అబద్ధం రాశానని తెలిసినవాళ్లు ఇద్దరే, ఒకరు కొక్కులమ్మే ఆడమనిషి, ఇంకొకరు కండ్లు లేని ముసలివాడు. వాళ్ల మాట ఎవరు వింటారు? ఇంత సులువుగా తప్పించుకునే దారి ఆయన జీవితంలో ఎప్పుడూ దొరకలేదు. ఆ దారి వాళ్లిద్దరి గంప మీది నుంచి పోతుంది, అంతే. అట్లా అని చూపించకపోతే ఎందుకని అడుగుతారు. అడిగితే మూడో అబద్ధం కావాలి. లేదా...

ఆదివారం బస్సు దిగిన ప్రొఫెసరు సన్నటి మనిషి. కండ్లద్దాలు, చేతిలో టార్చి, సంచిలో సీసాలు. అరుగు మీద చాప పరిచారు. పరమేశ్వర్ దుకాణం వదిలి వచ్చి నిలబడ్డాడు. సాలోమోను కొత్త అంగీ వేసుకున్నాడు. బస్సులో ఉక్కపోతతో అలసిపోయిన ప్రొఫెసరు చాయ్ కూడా తాగకుండా పుస్తకం తెరిచి, నాలుగు వందల పన్నెండు దగ్గర వేలు పెట్టి, ఎన్ని గంటలకు పోదామని అడిగాడు.

ముకుందం లేచి నిలబడ్డాడు. బడి పిల్లలు నిలబడ్డట్టే, గోడకు ఆనుకుని.

"అది రాసిననాడు నేను చూడలేదు సార్. విన్నదాన్ని చూసిన్నని రాసిన."

పరమేశ్వర్ ఒక్కడే ముక్కుతో నవ్వాడు. ప్రొఫెసరు పుస్తకం మూయలేదు, వేలు కూడా తీయలేదు. మిగతా నాలుగు వందల పదకొండు సంగతి ఏమిటన్నాడు. అవి చూసినవే అన్నాడు ముకుందం. ఎట్లా నమ్మమంటారన్నాడు ఆయన. ఏ జవాబైనా ఇక ముకుందం నోటి నుంచి వస్తే పనికిరాదు. అప్పుడు మూశాడు ప్రొఫెసరు పుస్తకం.

సాలోమోను తన బొమ్మల కట్ట తీసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా, చేవెళ్ల బాట పట్టాడు. ఐదేళ్ల ఆదివారాలు ఆయనవి కూడా.

సాయంత్రం బస్సుకు ప్రొఫెసరును సాగనంపడానికి ముకుందం ఒక్కడే పోయాడు. బస్సు కదలబోయే ముందర ప్రొఫెసరు, మనిషి మంచివాడు గనుక, ఏదో ఒకటి అనాలని అన్నాడు. "పోనీయండి. దారి ఎట్లాగూ తెలిసింది. మీరు రాకపోయినా వచ్చే వారం టార్చి పట్టుకుని నేనే ఒంటరిగా పోయి చూస్తాను. మీ ఊరివాళ్లు చెప్పే వెలుగు సంగతి తేల్చాలి."

ముకుందం బస్సు రేకు పట్టుకున్నాడు.

"రాకండి సార్."

"ఎందుకు? నిజంగా దెయ్యం ఉన్నదా ఏమిటి?"

"ఉన్నది."

ప్రొఫెసరు కండ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఆయన మొహంలోకి చూశాడు. "విన్నారా... స్వయంగా చూశారా?"

"స్వయంగా చూసిన" అన్నాడు ముకుందం. "నడుస్తది సార్. తల లేదు. నాతోటి మాట్లాడింది."

పొద్దు గూకుతున్నది. ప్రొఫెసరు మెల్లగా టార్చిని సంచిలో పెట్టి, సంచిని ఒళ్లో పెట్టుకుని, కిటికీ రేకు కిందికి దించుకున్నాడు.

మధ్యాహ్నం నుంచి ఆ మనిషి చెప్పినవాటిలో ఆయన నమ్మింది అదొక్కటే.